ఫీజు కట్టాక మిగిలే దారి: తొండూరు నుంచి పట్టా దాకా

పదో తరగతి దాకా చదువు ఊళ్లోనో పక్క ఊళ్లోనో అందుతుంది. ఆపై చదువుకు తొండూరు మండలం పిల్లల్లో చాలామంది బస్సెక్కి పులివెందులకో, జమ్మలమడుగుకో, ప్రొద్దుటూరుకో పోవాలి. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం, బోరు కింద చీనీ తోట, లేదంటే కూలి. వీటి మీద బతికే ఇంట్లో కాలేజీ చదువంటే ఒక్క ఫీజు లెక్క కాదు. అయినా మన ప్రభుత్వ పథకాల చరిత్ర చాలావరకు ఫీజుల చరిత్రగానే సాగింది. ఆ పథకాల నిబంధనలను విద్యార్థి నడిచే దారి వెంట పరిచి, చేయి ఎక్కడ అందుతోందో, ఎక్కడ వదిలేస్తోందో చూడటం ఈ వ్యాసం పని.

దళిత విద్యార్థులకు పదో తరగతి తర్వాత ఇచ్చే ఉపకారవేతనం స్వాతంత్ర్యానికి ముందే, 1944లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008–09 నుంచి ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీ, మైనారిటీ, ఆర్థికంగా వెనుకబడిన ఇతర కులాల పిల్లలకూ ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. కొద్ది ఏళ్లకే ఇంజనీరింగ్‌లో ర్యాంకు 10,000 దాటిన చాలామందికి ప్రభుత్వం ఇచ్చేది 35,000 రూపాయల దగ్గర ఆగింది. ఆపై తేడా ఇంటివాళ్లే భరించాలి. 2020లో వచ్చిన విద్యా దీవెన ఆ పరిమితి తీసేసి పూర్తి ఫీజు ఇస్తామంది. దానికి తోడుగా వచ్చిన వసతి దీవెన తిండికీ బసకూ ఏడాదికి ఐటీఐలో 10,000, పాలిటెక్నిక్‌లో 15,000, డిగ్రీ ఆపైన 20,000 రూపాయలుగా నిర్ణయించింది.

విద్యా దీవెన అర్హతల్లో ఒక అంకె దగ్గర ఆగాలి. ఏడాది ఆదాయం రెండున్నర లక్షలు మించకూడదన్నారు. భూమి విషయంలో మాత్రం మాగాణి 10 ఎకరాలు, మెట్ట అయితే 25 ఎకరాల దాకా అనుమతించారు. తొండూరు మెట్టలో ఎకరా, కృష్ణా డెల్టాలో ఎకరా ఒకటి కావని ఒప్పుకున్న నిబంధన ఇది. రాయలసీమ రైతు బిడ్డకు ఇది చిన్న విషయం కాదు.

డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్నది మరో చర్చ. విద్యా దీవెన సొమ్ము మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో పడేది. ఆమె కాలేజీకి వెళ్లి ఫీజు కట్టి, పిల్లల చదువు ఎలా ఉందో అడిగి వస్తుందన్నది ఉద్దేశం. 2024లో ప్రభుత్వం మారాక సొమ్ము నేరుగా కళాశాల ఖాతాకే అన్నారు. బకాయిల భయం తగ్గించడానికి రెండోది నయం కావచ్చు. కాని తల్లి కాలేజీ గడప తొక్కి అడగగలిగే హక్కు మొదటి పద్ధతిలోనే ఉంది, దాన్ని పోగొట్టుకోవలసింది కాదని నా అభిప్రాయం.

ఇక దారిలోని ఖాళీలు. మొదటిది ఇంటర్మీడియట్. ఫీజు పథకం ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీల నుంచి మొదలవుతుంది. మధ్యలోని రెండేళ్లకు 2020 జనవరి నుంచి అమ్మ ఒడి, దాని స్థానంలో 2025 నుంచి తల్లికి వందనం కింద తల్లికి అందే సొమ్మే ఆధారం. ప్రైవేటు జూనియర్ కాలేజీ, హాస్టలు ఖర్చుల ముందు ఆ సొమ్ము నిలవదు. సర్కారు జూనియర్ కాలేజీలో చేరితే ఫీజు బాధ లేదు. కాని పొద్దున బస్సెక్కిన పిల్ల మధ్యాహ్నం ఏం తింటుంది? పది దాకా బడిలో దొరికిన అన్నం ఇంటర్‌లో చేరగానే ఆగిపోవడం ఎంత పెద్ద దెబ్బో విధానాలు రాసేవాళ్లకు ఆలస్యంగా తట్టింది. 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరిట ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. చదువు నిలబెట్టే విషయంలో ఈ పూట అన్నాన్ని నేను ఫీజు పథకాలకు ఏమాత్రం తక్కువగా చూడను.

ఈ మొదటి ఖాళీని పూడ్చే నమూనా తొండూరుకు దగ్గర్లోనే, వేంపల్లె మండలం ఇడుపులపాయలో ఉంది. 2008లో చట్టం చేసి నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో ఒకేసారి తెరిచిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మన నోట ట్రిపుల్ ఐటీ, పదో తరగతి అవగానే పిల్లల్ని తీసుకుంటుంది. రెండేళ్ల ప్రీ యూనివర్సిటీ, నాలుగేళ్ల బీటెక్, అన్నీ ఒక్కచోటే, హాస్టలుతో సహా. ఇంటర్ కోచింగ్ బజారును అది పక్కన పెట్టేసింది. పైగా వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి మార్కుల్లో 4 శాతం కలుపుతారు. పది పాయింట్ల గ్రేడ్ల కాలంలో అది 0.4. లేమిని దయతో కాక లెక్కతో గుర్తించిన అరుదైన పద్ధతి ఇది. ఈ విశ్వవిద్యాలయం తొలి కులపతి రాజ్ రెడ్డి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు, కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నవారు. పల్లె బడి పిల్లకు తెలివి తక్కువ కాదు, దారే తక్కువ అన్న నమ్మకం ఈ నిర్మాణంలో కనిపిస్తుంది. అయితే ఒకే కప్పు కింద ఆరేళ్లు ఉంచుకున్నప్పుడు ఆ కప్పు బాగుండాలి. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు సౌకర్యాల కోసం ఎండా వానా లెక్కచేయకుండా రోజుల తరబడి బయట కూర్చోవలసి వచ్చింది. సీట్లూ కొద్దివే. అక్కడ చోటు దొరకని వేలమందికి పాత దారే గతి.

రెండో ఖాళీ కాలేజీలో చేరాక మొదటి ఏడాది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠాల్లో పడిన పిల్లకు బ్యాక్‌లాగులు అక్కడే మొదలవుతాయి. ఇలాంటి పిల్లల కోసం అమెరికాలో పేదరికంపై పోరులో భాగంగా 1964 చట్టంతో, వాళ్లను కాలేజీకి సిద్ధం చేసే అప్‌వర్డ్ బౌండ్ అనే కార్యక్రమం వచ్చింది. చేరినవారు పట్టా దాకా నిలవాలని 1968లో కాలేజీల లోపలే ట్యూషన్, సలహా ఇచ్చే కార్యక్రమం దానికి జతపడింది. ఆ కార్యక్రమాలు ఒక ప్రశ్న అడుగుతాయి: మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా డిగ్రీ ఉందా? మన విద్యా దీవెన దరఖాస్తు కులం, ఆదాయం, భూమి, కారు అడిగింది. ఆ అర్హతల్లో తల్లిదండ్రుల చదువుకు చోటు లేదు. సెమిస్టరు అంటే ఏమిటో ఇంట్లో చెప్పేవారు లేని బిడ్డకు డబ్బు ఒక్కటే చాలదు.

మూడో ఖాళీ చివరన ఉంది. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కొన్ని కళాశాలలు సర్టిఫికెట్లు ఆపుతాయి. మూల ధ్రువపత్రాలు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా చదువు పూర్తి చేసి కాగితం చేతికందని పిల్లలు ఏటా ఉంటూనే ఉన్నారు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవారిని 2020 డిసెంబరులో జీవో 77 పథకం నుంచే తప్పించింది. పట్టా దాకా తీసుకొచ్చి పై మెట్టు తీసేయడం పొరపాటు నిర్ణయం.

ఈ మూడు ఖాళీలకూ కొత్త పథకం అక్కర్లేదు. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకుల పోస్టు ఉంది. అర్హత సరిచూసి, వేలిముద్ర వేయించి పంపడం వాళ్లిప్పుడు చేస్తున్న పని. తొండూరు మండలంలో పది పాసైన ప్రతి పిల్ల పేరూ వాళ్లకు తెలుసు. ఆ పేరు పక్కన ఏ కాలేజీలో చేరింది, మొదటి ఏడాది ఎన్ని సబ్జెక్టులు మిగిలాయి, సర్టిఫికెట్ చేతికొచ్చిందా అన్న మూడు గడులు గీసి, ఏటా ఒకసారి ఇంటికి వెళ్లి నింపమనండి. ఖాళీగా ఉన్న గడి కనిపించినప్పుడు మండల అధికారి ఆ కాలేజీకి ఫోన్ చేయాలి. జిల్లా యంత్రాంగం ఈ పనిని వచ్చే పదో తరగతి ఫలితాల నాటికి తొండూరులోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.