రిచర్డు కార్ట్‌రైటు: ఒక రాజభక్తుని అసమ్మతి

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున బ్రిటిషు రాజు పక్షము వీడక కెనడాకు వలసపోయినవారిని 'లాయలిస్టు'లందురు. ఈ పదమును మనము 'రాజభక్తులు' అని తెలిగించుకొనుచున్నాము. అయితే ఇందొక చిక్కు కలదు. రాజభక్తుడనగా ప్రభువు మాటకు ఎదురాడనివాడని మనకు వెంటనే స్ఫురించును. కింగ్‌స్టను వర్తకుడు రిచర్డు కార్ట్‌రైటు చరిత్రను పరిశీలించినచో ఆ అర్థము నిలువదు.

ఇతడు 1759లో న్యూయార్కు ప్రాంతపు ఆల్బనీ పట్టణమున జన్మించెను. తండ్రి పూటకూళ్ల ఇల్లు నడుపుచుండెను. కుమారుడు మతాచార్యుడు కావలెనని తొలుత సంకల్పము. 1777లో స్థానిక విప్లవసంఘమువారి అనుమానమునకు గురియై, ఇతడు కెనడాకు తరలిపోయెను. నయాగరా కోటలో జాన్ బట్లరు అను సేనానికి కార్యదర్శిగా పనిచేసి, 1780లో రాబర్టు హామిల్టనుతో పొత్తు కలిపి, సైన్యమునకు సరకులు చేరవేయు వ్యాపారమున ప్రవేశించెను. మాంట్రియలులోని టాడ్, మెక్‌గిల్ వర్తకులు వీరికి అండ. యుద్ధానంతరము ఒంటారియో సరస్సు తూర్పు కొననున్న కింగ్‌స్టనులో స్థిరపడెను.

అచటి వర్తకపు తీరు గమనింపదగినది. కొత్తగా అడవి నరికి సేద్యమునకు దిగినవారి చేతిలో నాణెము లేదు. వర్తకుడు వారికి గుడ్డలు, పనిముట్లు అప్పుగా ఇచ్చి, పంట చేతికి వచ్చినపుడు గోధుమలు జమకట్టుకొనును. మన పల్లెల షావుకార్ల లెక్కపుస్తకములను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. కార్ట్‌రైటు నాపనీలోని మరను 1792లో కొని, పిండి పట్టించి, కోటలోని సైన్యమునకు అమ్ముచు, మిగిలినదానిని సెయింటు లారెన్సు నదీవేగముల మీదుగా పడవలపై మాంట్రియలుకు పంపుచుండెను. 1788 నుండి ఇతడే ఆ మండలపు సివిలు న్యాయస్థానమున న్యాయమూర్తి. అప్పిచ్చిన వర్గమువాడే అప్పుల తగవులు తీర్చుచుండెనన్నమాట!

1791లో ఎగువ కెనడా ప్రత్యేక రాష్ట్రమయ్యెను. మరుసటి సంవత్సరము కార్ట్‌రైటు శాసనమండలి సభ్యుడయ్యెను. గవర్నరు సిమ్కో ఆ అడవులలో ఇంగ్లండునకు ప్రతిబింబమును నిలుపగోరెను. 1794లో స్థానిక న్యాయస్థానములను తొలగించి, లండను నమూనాపై ఒకే ఉన్నత న్యాయస్థానమును ఏర్పరచు చట్టమును తెచ్చెను. కార్ట్‌రైటు, హామిల్టనులు దానిని ఎదిరించిరి. చట్టము ఆగలేదు. ఆ ఏడే ఐజాక్ టాడ్‌కు వ్రాసిన లేఖలో కార్ట్‌రైటు, రెండు దేశముల అంతరమును చూడక గవర్నరు ప్రతి చిన్న ఏర్పాటునకును నకలు తీయుచున్నాడని ఆక్షేపించెను.

ఈ అసమ్మతికి స్వార్థమే మూలమని చెప్పుట సులభము. న్యాయపీఠము పోయినచో వర్తకుని పలుకుబడి తగ్గును గదా! ఆ అంశము లేదని మేమును అనము. కాని అదియే సర్వస్వమైనచో, 1792 అక్టోబరులో ఇతడు గవర్నరునకు సమర్పించిన వివాహ నివేదికను ఎట్లు వివరింపవలెను? తొలి వలసదారుల నడుమ మతాచార్యులు లేకుండుటచే సేనాధికారులును మేజిస్ట్రేటులును పెండ్లిండ్లు జరిపించిరి. ఇంగ్లండు చట్టము ప్రకారము అవి చెల్లుట సందేహము. బిడ్డల వారసత్వమును సందేహమే. ఈ విషయమును కార్ట్‌రైటు స్పష్టముగా నివేదించెను. 1793 నాటి చట్టము పాత వివాహములను ధ్రువీకరించి, 18 మైళ్లలోపల ఆంగ్లికను ఆచార్యుడు లేనిచోట మేజిస్ట్రేటు పెండ్లి జరిపింపవచ్చునని అనుమతించెను. ఇందు ఇతనికి ఒక బస్తా గోధుమల లాభమైనను లేదు. దేశమును బట్టి శాసనముండవలెనను వాదమే రెండు సందర్భములందును కనిపించుచున్నది. అందుచే 1794 నాటి వాదమును కేవలము గల్లాపెట్టె పలికించినదనుట మాకు సమ్మతము కాదు.

పిల్లల చదువునకై హామిల్టనుతో కలిసి ఇతడు రప్పించిన స్కాట్లండు యువకుడు జాన్ స్ట్రాకను 1799 డిసెంబరు చివరిదినమున కింగ్‌స్టను చేరెను. అనంతరము టొరంటో తొలి బిషపు ఆయనయే.

1810లో జాన్ మిల్స్ జాక్సను ప్రభుత్వమును దూషించుచు వ్రాసిన గ్రంథమునకు కార్ట్‌రైటు పేరు చెప్పక లేఖారూపమున ప్రత్యుత్తరమిచ్చెను. పదునారేండ్ల క్రితము గవర్నరును ఎదిరించినవాడే ఇపుడు ప్రభుత్వమును సమర్థించెను. పుట్టిన ఊరు విడిచి మూడు దశాబ్దములు గడచినను, ఆ పుస్తకముపై తన్ను 'అమెరికా రాజభక్తుడు' అనియే చెప్పుకొనెను. 1815 జులైలో మాంట్రియలులో మరణించెను. ఇతని లేఖలు కొన్ని 1876లో టొరంటోలో అచ్చయినవి.