తులసిదళం రోజులు

మా రాజోలు వైపు రాత్రిపూట కొబ్బరాకు గలగలమంటే పిల్లలం అమ్మ కొంగు పట్టుకునేవాళ్ళం. ఆ రాజోలులోనే 1948లో పుట్టారు యండమూరి వీరేంద్రనాథ్. 1980ల మొదట్లో ఆయన 'తులసిదళం' వారం వారం వస్తూంటే, భయంతో పెరట్లోకి ఒంటరిగా వెళ్ళేదాన్ని కాదు. అయినా పత్రిక రాగానే వదినతో పోట్లాటే! తరవాత 'వెన్నెల్లో ఆడపిల్ల'తో ప్రేమకథ చెప్పిందీ ఆ కలమే. భయమైనా, ప్రేమైనా గుండె దడే కదండీ!

మూఢనమ్మకాలు పెంచుతోందని 'తులసిదళం'పై విమర్శలొచ్చాయి. నిజమే మరి. మా వీధి చివర ఒంటరి ముసలమ్మని చూసి "చేతబడి చేస్తుందిటే" అని గుసగుసలాడుకున్నాం. ఆ ఏడే నాకు జ్వరమొస్తే, తులసి కషాయం కాచి తెచ్చింది ఆవిడే. సిగ్గుతో తల దించుకునే తాగాను.