రేవు కట్టిన ఊరు

ఢిల్లీ నుంచి మొరాదాబాద్ వెళ్లే దారిలో, గంగ దాటడానికి కాస్త ముందు గఢ్‌ముక్తేశ్వర్ వస్తుంది. హాపుడ్ జిల్లాలో తహసీలు కేంద్రం, జాతీయ రాజధాని ప్రాంతానికి తూర్పు అంచు. పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేవి ముక్తేశ్వరుడి గుడి, గంగా మందిరం, కార్తీక పున్నమి మేళా. అందుకే దాన్ని పుణ్యక్షేత్రంగా లెక్కగట్టి, చరిత్రను స్థలపురాణానికి అప్పజెప్పేస్తారు. ఆధారాలు వరసగా పేర్చి చూస్తే మాత్రం ఊరిని నిలబెట్టింది రేవేననీ, క్షేత్రమహిమ ఆ రేవును ఆనుకుని పెరిగిందనీ తేలుతుంది.

ఢిల్లీ సుల్తానులకు గంగ అవతలి కటేహర్ ప్రాంతంలోని తిరుగుబాట్లు ఎప్పుడూ తలనొప్పే. వాటిని అణచిన సుల్తాను బల్బన్ కాలపు శాసనం, 1283 నాటిది, ఈ ఊరి మసీదులో ఉంది. అక్బరు కాలంలో ఐన్-ఇ-అక్బరీ దీన్ని ఢిల్లీ సర్కారు పన్ను మహళ్లలో చేర్చి, గంగ ఒడ్డున ఇటుక కోట ఉందని రాసింది. తర్వాత ఆ కోటను మరాఠాలు బాగుచేయించారు. ఏలినవారు మారినా అందరి చూపూ రేవు మీదే. 1857 సిపాయి తిరుగుబాటులో, జూన్ చివర, బఖ్త్ ఖాన్ తిరగబడ్డ బరేలీ దళంతో గంగ దాటింది ఇక్కడే. మీరట్‌లోని ఇంగ్లీషు సైన్యం అడ్డుకోలేకపోయింది. జూలై మొదట్లో ఆ దళం ఢిల్లీ చేరింది. బతుకుతెరువు కూడా నది తెచ్చిందే: డూన్, గఢ్వాల్ అడవుల కలప, వెదురు తెప్పలుగా కట్టి వదిలితే ఇక్కడ ఒడ్డుకు చేర్చి అమ్మేవారు.

మేళాయే ఊరిని పోషించిందనే వాదనను తీసిపారేయలేం. ఇరవయ్యో శతాబ్ది మొదటి గెజిటీర్లు మేళాకొచ్చే జనం రెండు లక్షలని అంచనా వేశాయి. ఊరి జనాభా ఎనిమిది వేలకు లోపే. కానీ మేళా ఏడాదికి కొద్ది రోజుల సంత. అది సాగేదీ ఊళ్లో కాదు, వానలు వెనకబట్టాక బయటపడే ఇసుక తిన్నెల మీద. అక్కడ స్నానం, గుర్రాల బేరం పక్కపక్కనే జరిగేవి. మేళాకొచ్చే జనం వేరు, ఊళ్లో కాపురమున్న జనం వేరు. 1946 నవంబరులో మేళాలో రాజుకున్న మతకల్లోలం ఊళ్లోకి పాకి ముస్లింల ఇళ్లను బుగ్గిచేసినప్పుడు ఈ తేడా ఘోరంగా బయటపడింది. పైగా గంగా మందిరం మెట్లు దిగితే ఇప్పుడు తగిలేది నీరు కాదు, నేల. నది కొన్ని కిలోమీటర్లు జరిగిపోయింది. స్నానాల రద్దీ గుడి దగ్గర ఆగిపోలేదు. రోడ్డూ రైలూ గంగ దాటే బ్రిజ్‌ఘాట్‌కు తరలింది. భక్తి కూడా బాట వెంటే నడిచిందన్నమాట.

రేవే ప్రాణమైతే, వంతెన వచ్చాక ఊరు ఇంకా పెరగాలి కదా? ఇది గట్టి ప్రశ్నే. జవాబు నిరీక్షణలో ఉంది. పడవ కోసం ఆగినవాడికి సత్రం కావాలి, ఎద్దుకు మేత కావాలి, సరుక్కి కాపలా కావాలి. ప్రభుత్వ రేవులకు 1878 ఫెర్రీల చట్టం కింద పాట పెట్టేవారు కనుక ఆగిన ప్రతి బండీ ఎవరికో ఒకరికి ఆదాయమే. 1900 ప్రాంతంలో ఘాజియాబాద్–మొరాదాబాద్ రైలు మార్గం వంతెన మీదుగా గంగ దాటాక ఆగే పని తగ్గింది. రాజమండ్రి సంగతేమిటని తెలుగువారు అడగవచ్చు. అదే 1900లో గోదావరి మీద హేవలాక్ వంతెన తెరిచినా ఆ పట్నం దెబ్బతినలేదే! నిజమే. కానీ రాజమండ్రికి దాటింపు ఒక్కటే ఆధారం కాదు. కోర్టులు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పండిన డెల్టా దానికి అండగా నిలిచాయి. గఢ్‌ముక్తేశ్వర్‌కు అలాంటి వెనకదన్ను లేదు. వంతెన దాని ముఖ్య వ్యాపారాన్నే పట్టుకుపోయింది.

కాబట్టి ఇలాంటి ఊళ్ల చరిత్ర రాయబూనినవారు స్థలపురాణం కంటే ముందు రేవు పాటల లెక్కలు, కలప పద్దులు, సైన్యాలు దాటిన తేదీలు వెతకాలి. గుడి ఎందుకు పవిత్రమో పురాణం చెప్పగలదు. దాని పక్కన బజారు ఎందుకు వెలిసిందో, ఎందుకు సన్నగిల్లిందో చెప్పేది ఆ పద్దులే.