ఆటపెట్టెలో మజిలీ కథలు



ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న పండితుడు వీడియో ఆటల చరిత్ర వ్రాయబూనడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. వ్రాయబూనిన నాకే అలా తోచింది. అయితే 1995లో కోపంలో నేను వేసిన ఒక ప్రశ్నకు ఈ మధ్యనే, అదీ అరవై దాటిన తరువాత, జవాబు దొరికింది. ప్రశ్న వేసినవాడికి ఆ జవాబు అంత గౌరవం తెచ్చేది కాదు. అందుకే దాచుకోకుండా వ్రాస్తున్నాను.

అవి వేసవి సెలవులు. పదవ తరగతి జవాబు పత్రాల మూల్యాంకనం ముగించుకొని, విజయవాడ ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఇల్లు చేరాను. ముందు గదిలో టీవీ ఎదుట మా అబ్బాయి, వీధిలోని పిల్లలు మరి నలుగురు. వాడి మేనమామ బీసెంటు రోడ్డులో కొనిచ్చిన ఆటపెట్టె తీగలు నేలంతా పరచుకొని ఉన్నాయి. తెర మీద ఇద్దరు కండలవీరులు తుపాకులతో పరుగెత్తుతున్నారు. పిల్లలవి ఒకటే కేకలు. పొద్దుటి నుంచి తప్పుల వాక్యాలు దిద్ది దిద్ది విసిగి ఉన్నానేమో, "ఏరా, ఇందులో చదవడానికి ఒక్క వాక్యమైనా ఉందా?" అని గద్దించాను. వాడు తల దించుకున్నాడు. పెట్టెను తీగలతో సహా అటక ఎక్కించాను.

ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాలు ఇప్పుడు తెలుసుకున్నాను. జపానులోని నింటెండో సంస్థ 1983 జులై 15న ఫ్యామికామ్ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దాని నకళ్ళు 1990లలో మన దేశంలోకి వెల్లువగా వచ్చాయి. మీడియా, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో దొరికేవి. శామురాయ్ పేరిట నింటెండో అనుమతితో వచ్చినదీ ఒకటి ఉండేది. క్యాసెట్టు మీద వేలకొద్దీ ఆటలున్నట్లు అంకెలు వేసేవారు. లోపల తిరిగి తిరిగి అవే మారియో, అదే కాంట్రా. చదవవలసిన వాక్యం నిజంగానే లేదు. నా ప్రశ్న అక్షరాలా న్యాయమైనదే.

కానీ అదే యంత్రానికి జపానులో వాక్యాలతో నిండిన ఆటలు అప్పటికే తొమ్మిదేళ్ళుగా ఉన్నాయి. వాటిని పాత్రధారణ ఆటలంటారు. అవి మన ఊరికి ఎందుకు రాలేదో ఊహించడం కష్టం కాదు. మొదటి చిక్కు భాష. జపాను భాషలోని ఆటను ఇక్కడ ఎవరు ఆడతారు? రెండవది, అవి ఒక పూటలో తేలేవి కావు. ఇరవై, ముప్పై గంటలు సాగుతాయి. ఎక్కడ ఆపామో గుర్తుంచుకోవడానికి క్యాసెట్టులో చిన్న బ్యాటరీ పెట్టాలి, అది అదనపు ఖర్చు. మూడవది, నకలు క్యాసెట్టు చేసేవాడు అక్షరం రానివాడు కూడా ఆడగల ఆటలనే ఏరుకుంటాడు. ఆ జల్లెడలో వాక్యాలన్నీ పైనే మిగిలిపోయాయి, తుపాకులు మాత్రం మనకు రాలాయి.

ఇదంతా నాకు తెలిసిరావడానికి కారణం మా మనవడు. హైదరాబాదులో ఇంగ్లీషు చదువు చదువుతున్న పదకొండేళ్ళవాడు. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చి, పలకలాంటి ఫోను ఒకటి నా ముందు పెట్టి, "తాతయ్యా, ఈ రాజు ఏదో పాత ఇంగ్లీషు మాట్లాడుతున్నాడు. నువ్వు చెప్పు" అన్నాడు. చూతును గదా, షేక్స్పియరు కాలపు సర్వనామాలు! ఆ ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్. ఇంగ్లీషులోకి తెచ్చినవారు రాజుల నోట ఒక విధమైన గ్రాంథికం పలికించారు. ఇక నేను ఊరుకుంటానా? రాజు మాటలను అచ్చమైన తెలుగు గ్రాంథికంలోకి మార్చి, రాగం తీసి వినిపించాను. వాడు పడీ పడీ నవ్వాడు. మరునాటి నుంచి రోజూ సాయంత్రం ఆట వాడిది, అనువాదం నాది.

ఇప్పుడు కాస్త చరిత్ర. పాత్రధారణ ఆట మొదట కాగితం, పాచికలతో ఆడేది. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించారు. 1981లో విజర్డ్రీ, అల్టిమా అనే ఆటలు ఆ పద్ధతిని కంప్యూటరు మీదికి తెచ్చాయి. ఈ రెంటినీ చూసి ముచ్చటపడినవాడు యూజి హోరీ అనే జపాను రచయిత. ఒకదాని పోరాట పద్ధతిని, మరొకదాని దేశసంచారాన్ని కలిపి, పిల్లవాడికి కూడా బోధపడేటట్లు 1986 మే 27న డ్రాగన్ క్వెస్ట్ వెలువరించాడు. బొమ్మలు అకిరా తోరియామవి, సంగీతం కోయిచి సుగియామది. 1988 ఫిబ్రవరి 10న, బుధవారం నాడు, మూడవ భాగం వచ్చినప్పుడు వందలాది పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరారు. తరువాతి భాగాలను సెలవు రోజుల్లో విడుదల చేయసాగారు. ఉపాధ్యాయుడిని గనుక ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్నాను.

నా మనసును కట్టిపడేసినది మాత్రం ఆ మొదటి ఆటలోని అక్షరాల కథ. మొత్తం ఆట 64 కిలోబైట్లు. తెర మీద అడ్డంగా 32 గళ్ళు, నిలువుగా 30. ఒక్కొక్క గడి ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు. ఒక గడిలో ఒక అక్షరం. కోటగోడలు, చెట్లు, నీళ్ళు, అక్షరాలు, అన్నీ కలిపి ఒకసారికి 256 గళ్ళ బొమ్మలకే చోటు. జపాను వారికి నలభై ఆరేసి మూలాక్షరాల మాలలు రెండున్నాయి, ఆపైన వేలకొద్దీ చీనా లిపి చిహ్నాలు. చిహ్నాలను పూర్తిగా వదులుకున్నారు. ఒక మాలను ఉంచుకొని, రెండవదానిలో సుమారు ఇరవై అక్షరాలను మాత్రమే ఎంచుకున్నారు. రాక్షసుల పేర్లు, మంత్రాల పేర్లు ఆ ఇరవైతోనే కుదిరేటట్లు కల్పించుకున్నారు. నిరోష్ఠ్య రామాయణం వ్రాసిన జాతి వారము, ఆ కట్టుబాటులోని రుచి మనకు ఒకరు చెప్పాలా?

ఇంకొక ముచ్చట. వారి లిపిలో 'క'ను 'గ' చేయడానికి, 'త'ను 'ద' చేయడానికి అక్షరం పక్కన రెండు చిన్న గీతలు గీస్తారు. పరుషాన్ని సరళం చేసే గీతలన్నమాట, మన గసడదవాదేశానికి దూరపు చుట్టం! వాటిని అక్షరంతో కలిపితే ఎన్నో కొత్త గళ్ళు కావాలి. అందుకని ఆ గీతలను ఒక్క గడిగా చేసి, పై వరుసలో అక్షరం నెత్తిన పెట్టారు.

ఆ రాత్రి గళ్ళ కాగితం తీసి, ఎనిమిది చుక్కల గడిలో తెలుగు వ్రాసి చూశాను. 'ర', 'గ' ఇమిడాయి. 'స్త్రీ' దగ్గర చేతులెత్తేశాను. పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, క్రావడి. ఒక్క అక్షరానికి మూడు గళ్ళ ఎత్తు కావలసి వచ్చింది. పూర్వం అచ్చుకూటాలలో సీసపు అక్షరాలు పేర్చినవారు పడిన అవస్థే ఇది. తెరపై తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా విడిపోయిన రోజుల్లో వ్రాయడం మొదలుపెట్టిన మిత్రులకు ఈ బాధ వేరే వివరించనక్కరలేదు.

ఆ మొదటి ఆటలో బ్యాటరీ కూడా లేదు. ఆట ఆపేటప్పుడు రాజు 'పునరుజ్జీవన మంత్రం' ఉపదేశిస్తాడు. ఇరవై అక్షరాలు. వాటిని కాగితం మీద ఎక్కించుకొని, మళ్ళీ ఆడేనాడు తప్పు లేకుండా అప్పజెప్పాలి. ఒక్క అక్షరం తప్పితే మంత్రం చెల్లదు, వారాల శ్రమ వృథా. ఇరవై అక్షరాలను తెర మీద వరుసగా అయిదు, ఏడు, అయిదు, మూడుగా విరిచారు. మొదటి మూడు విరుపులూ వారి హైకూ ఛందస్సే! పిల్లల చేత ఆటపెట్టె ముందు ఛందస్సు వ్రాయించినవారిని నేను తిట్టగలనా? ఇంగ్లీషు ప్రతి 1989లో అమెరికాకు వెళ్ళినప్పుడు మంత్రం తీసేసి బ్యాటరీ పెట్టారు. సౌకర్యం పెరిగింది, అక్షరం విలువ మాత్రం తగ్గింది.

ఇక కథల సంగతి. ఆడుతున్నకొద్దీ ఇది నాకు కొత్త కాదనిపించింది. రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షిత కవి పన్నెండు భాగాల కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు కాశీకి పోతూ, ప్రతి మజిలీలోనూ వెంటనున్న గోపబాలుడికి ఒక కథ చెబుతాడు. కుర్రవాడు ఊళ్ళోకి పోయి ఏదో వింత చూసి వస్తాడు, దాని పూర్వకథ అడుగుతాడు. డ్రాగన్ క్వెస్టులోనూ అంతే. ఒక ఊరు, ఒక సత్రం, అక్కడి జనం, ఊరి బయట అడవి, ఆపైన గుహ, మళ్ళీ ఊరు. కాకపోతే ఇక్కడ సిద్ధుడు లేడు. కథ ముక్కలను మనమే ఇల్లిల్లూ తిరిగి అడిగి పోగుచేసుకోవాలి. ఒక్కొక్కరు ఒకటి రెండు వాక్యాలే చెబుతారు. చందమామ కోసం ఎదురుచూస్తూ దాసరి సుబ్రహ్మణ్యం గారి శిథిలాలయం, రాతి రథం చదివిన మా తరానికి ఈ గుహలూ మాంత్రికులూ ఎంత పరిచితాలో చెప్పనక్కరలేదు.

లోపాలు లేకపోలేదు. అడుగడుగునా అవే రాక్షసులతో అదే పోరాటం, బలం పెంచుకోవడానికి గంటలకొద్దీ తిరుగుడు. అక్కడ నేను కునుకు తీసేవాణ్ణి. మరొకటి మా ఆవిడ కనిపెట్టింది. లోకాన్ని రక్షించే వీరుడు పరాయి ఇళ్ళలో దూరి, బీరువాలు తెరిచి, కుండలు పగలగొట్టి డబ్బు తీసుకుంటాడు. ఇంటివారు చూస్తూ కూర్చుంటారు. "ఇదేం వీరుడండీ, దొంగ వెధవ!" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

రెండు ఘట్టాలు మాత్రం మరువలేను. 1991లో వచ్చిన నాలుగవ ఫైనల్ ఫాంటసీలో రాజాజ్ఞకు లోబడి పాపాలు చేసిన సెసిల్ అనే యోధుడు పరీక్షాపర్వతం ఎక్కుతాడు. అక్కడ ఎదురయ్యేది తన చీకటి రూపమే. మనవడు కత్తి దూసి కొడుతూనే ఉన్నాడు, పని కాలేదు. చివరకు కొట్టడం మానుకొని, దెబ్బలు ఓర్చుకొని నిలబడితే గెలుపు. కొట్టనివాడు గెలిచే పోరాటాన్ని కాంట్రా చూసి కోప్పడిన నేను ఊహించలేదు.

రెండవది 1992 నాటి డ్రాగన్ క్వెస్ట్ అయిదవ భాగం. అమెరికాలో దీని ఇంగ్లీషు ప్రతి 2009లో గాని వెలువడలేదు. చిన్న పిల్లవాడు తండ్రి వెంట ఊరూరా తిరుగుతుంటాడు. శత్రువు ఆ పిల్లవాడి మెడ మీద కొడవలి పెడతాడు. మహావీరుడైన తండ్రి కొడుకు కోసం చెయ్యెత్తకుండా దెబ్బలు తిని ప్రాణం విడుస్తాడు. పిల్లవాడు పదేళ్ళు బానిసగా బతికి, తప్పించుకొని, పెళ్ళాడి, తండ్రి అవుతాడు. పురాణంలో చెప్పిన వీరుడు తాను కాదనీ, తన కొడుకనీ అప్పుడు తెలుస్తుంది. ఒక చోట అతడు గతంలోకి వెళ్ళి, బతికి ఉన్న తండ్రిని, పసివాడుగా ఉన్న తనను చూస్తాడు. జరగబోయేది తెలిసినా ఆపలేడు. ఆ సాయంత్రం అనువాదం నా గొంతు దాటలేదు. మనవడు నావైపు చూసి, తానే ఇంగ్లీషులో చదువుకున్నాడు.

ఆ ఆదివారం మా అబ్బాయి వచ్చినప్పుడు అటక మీది పెట్టె దింపించాను. తీగలు ఎలుకలు కొరికేశాయి. వాడు దుమ్ము తుడిచి చాలాసేపు చేతిలో పెట్టుకొని చూశాడు. "ఆనాడు నేనన్నది తప్పురా. ఇలాంటి వాటిలో ఎన్నో వాక్యాలున్నాయట" అన్నాను.

"కాదు నాన్నగారూ, మీరన్నది నిజమే. మా క్యాసెట్టులో ఒక్క వాక్యం కూడా లేదు. అందుకే కథ మేమే చెప్పుకునేవాళ్ళం. ఆ ఇద్దరు వీరులకు పేర్లు పెట్టాం. ఒకడిది బందరు, ఒకడిది గుడివాడ. ఆ కేకలన్నీ కథే" అన్నాడు వాడు.

ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల చేత "సొంత వాక్యాలలో వ్రాయుడు" అని ప్రశ్నపత్రాలు నింపించినవాణ్ణి. నా ఇంటి ముందు గదిలో అయిదుగురు పిల్లలు తెలుగులో కథ కట్టుకుంటుంటే చెవిన పెట్టలేదు. వాక్యం కోసం తెర వైపు చూశాను గాని, పిల్లల నోళ్ళ వైపు చూడలేదు.

ఈనాటికీ డ్రాగన్ క్వెస్టు, ఫైనల్ ఫాంటసీ తెలుగు పలకవు. ఎనిమిది చుక్కల సాకు ఎప్పుడో చెల్లిపోయింది. 'స్త్రీ' ఇప్పుడు ప్రతి ఫోనులోనూ చక్కగా ఇముడుతుంది. ప్రస్తుతానికి మా ఇంట్లో ఒక నోటుపుస్తకం ఉంది. ప్రాణబలం, మంత్రబలం, సత్రం, గుహ, తాళంచెవి, పునరుజ్జీవన మంత్రం అంటూ నేను వ్రాసిన మాటలను మనవడు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. రాక్షసుల పేర్లు పెట్టే బాధ్యత వాడిది. మొదటి ఆటలో ఎదురయ్యే నీటిబొట్టులాంటి నవ్వుముఖపు జీవికి 'జిగురప్ప' అని పేరు పెట్టాడు. నాకైతే నచ్చింది.

కృష్ణా తీరపు ఊళ్ళలో 1990లలో ఈ పెట్టెల ముందు కూర్చున్నవారు మీలో ఉంటే, ఆ మూగ బొమ్మలకు మీరు చెప్పుకున్న కథలేమిటో వ్రాయండి. ఈసారి శ్రద్ధగా వింటాను.