లెక్కకు దొరికిన ప్రేక్షకుడు: కేబుల్ వార్తల రేటింగులు, రాజకీయ పక్షపాతం

ప్రవేశిక

టెలివిజన్ వార్తలలోని పక్షపాతాన్ని గురించి చర్చించేటప్పుడు మనం ముందుగా యజమానిని వెదుకుతాం. ఏ ఛానల్ ఎవరిది, ఆ యజమాని ఏ పార్టీకి దగ్గరివాడు అన్నది తెలిస్తే వార్త అలా ఎందుకు వచ్చిందో తెలిసిపోయినట్లు భావిస్తాం. తెలుగునాట ఈ అలవాటుకు తగిన కారణాలు లేకపోలేదు. అయితే అక్కడితో ఆగిపోతే రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి. యజమాని ఒకటి కోరి, ప్రేక్షకులు మరొకటి కోరితే ఏం జరుగుతుంది? ప్రేక్షకుల కోరిక ఇదీ అని ఛానల్‌కు చెప్పే రేటింగు నిజానికి దేనిని కొలుస్తోంది? ఈ ప్రశ్నల పరిశీలనకు అమెరికా కేబుల్ వార్తల చరిత్ర అనువైనది. అక్కడ ఛానళ్ల లోపలి సంభాషణలు సైతం కోర్టు పత్రాల రూపంలో వెలుగుచూశాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ చరిత్రను పరిశీలిస్తూ, చివరి భాగంలో భారతీయ, తెలుగు అనుభవాలను దాని పక్కన ఉంచి చూస్తుంది.

1987: ఒక రద్దు, ఒక యంత్రం

అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్.సి.సి. 1949లో ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ అనే నియమాన్ని తెచ్చింది. ప్రజలకు సంబంధించిన వివాదాస్పద విషయాలకు ప్రసార సంస్థలు సమయం కేటాయించాలి, భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలి అన్నది దాని సారాంశం. 1969లో రెడ్ లయన్ కేసులో సుప్రీంకోర్టు దీనిని సమర్థించింది. 1987లో ఎఫ్.సి.సి. స్వయంగా దీనిని రద్దు చేసింది. చట్టరూపంలో నిలబెట్టాలని కాంగ్రెస్ చేసిన ప్రయత్నాన్ని అధ్యక్షుడు రీగన్ తన వీటో అధికారంతో అడ్డుకున్నాడు.

ఈ రద్దు ఫలితంగానే ఫాక్స్ న్యూస్ పుట్టిందనే వాదన చాలా చోట్ల కనిపిస్తుంది. ఇది సగమే నిజం. రద్దయిన మరుసటి ఏడాది, 1988లో, రష్ లింబా రేడియో కార్యక్రమం దేశవ్యాప్తం కావడంలో ఆ ప్రభావాన్ని చూడవచ్చు. కాని నియమానికి పునాది ప్రసార తరంగాల కొరత. తరంగాలు పరిమితం గనుక వాటిని పొందినవారికి బాధ్యత ఉంటుందన్న తర్కం, తీగ మీదుగా ఎన్ని ఛానళ్లనైనా తీసుకురాగల కేబుల్‌కు సులభంగా అన్వయించదు. నియమం కొనసాగి ఉన్నా కేబుల్ వార్తలను అది ఎంతవరకు కట్టడి చేసేదన్నది అనుమానాస్పదమే.

అదే 1987లో జరిగిన మరొక మార్పుకు ఇంత ప్రచారం రాలేదు. నీల్సన్ సంస్థ జాతీయ రేటింగుల కోసం ‘పీపుల్ మీటర్’ను ప్రవేశపెట్టింది. అంతకుముందు యంత్రం పెట్టె ఏ స్టేషన్ మీద ఉందో మాత్రమే నమోదు చేసేది. ఎవరు చూశారన్నది కుటుంబాలు డైరీలలో రాసిపెట్టేవి. కొత్త యంత్రంలో ఇంట్లోని ప్రతి మనిషికీ ఒక మీట ఉంటుంది. దానితో వయస్సు, స్త్రీపురుష భేదం తెలిసిన వ్యక్తి లెక్కలోకి వచ్చాడు. ప్రకటనకర్తలు 25-54 ఏళ్లవారిని విడిగా కొనుక్కోవడం దినచర్యగా మారింది. వార్తను పౌరుడి కోసం రాయాలన్న నియమం పోయిన ఏడాదే, ప్రేక్షకుడిని వయస్సు వారీగా లెక్కించే సాధనం రావడం యాదృచ్ఛికమే కావచ్చు. తర్వాతి చరిత్రలో మాత్రం ఈ రెండూ కలిసే పనిచేశాయి.

సంఘటన నుంచి అలవాటుకు

1980 జూన్ 1న టెడ్ టర్నర్ అట్లాంటాలో సి.ఎన్.ఎన్.ను ప్రారంభించాడు. దాని బలం సంఘటన, బలహీనతా సంఘటనే. 1991 గల్ఫ్ యుద్ధమప్పుడు ప్రపంచమంతా ఆ ఛానల్ చూసింది. యుద్ధం ముగిశాక ప్రేక్షకులు తగ్గిపోయారు. ప్రతిరోజూ యుద్ధం ఉండదు గదా.

1996లో రెండు పోటీ ఛానళ్లు వచ్చాయి: జులైలో ఎం.ఎస్.ఎన్.బి.సి., అక్టోబరు 7న ఫాక్స్ న్యూస్. ఫాక్స్ యజమాని రూపర్ట్ మర్డోక్. దానిని నడిపిన రోజర్ ఏల్స్ 1968 ఎన్నికలలో నిక్సన్‌కు టెలివిజన్ సలహాదారు. ఆయన అంతకుముందు నడిపిన ‘అమెరికాస్ టాకింగ్’ అనే ఛానల్‌ను మూసి, దాని స్థానంలోనే ఎం.ఎస్.ఎన్.బి.సి.ని నెలకొల్పారు. ఏల్స్ గ్రహించిన సూత్రం సరళమైనది. రోజూ అదే వేళకు అదే వ్యాఖ్యాత, అదే ధోరణిలో మాట్లాడితే సంఘటనతో నిమిత్తం లేకుండా ప్రేక్షకుడు వస్తాడు. సంఘటన కోసం వచ్చినవాడు వెళ్లిపోతాడు, అలవాటుపడినవాడు ఉండిపోతాడు. 2002 జనవరిలో ఫాక్స్ రేటింగులలో సి.ఎన్.ఎన్.ను దాటింది.

ఎం.ఎస్.ఎన్.బి.సి. పుట్టుకతో ఉదారవాద ఛానల్ కాదు. టకర్ కార్ల్‌సన్ సైతం 2005 నుంచి 2008 వరకు అక్కడ కార్యక్రమం నడిపాడు. బుష్ ప్రభుత్వంపై కీత్ ఓల్బర్‌మన్ విమర్శలకు ప్రేక్షకులు పెరగడంతో ఛానల్ ఆ దారి పట్టింది. 2008లో రేచల్ మాడో కార్యక్రమం మొదలైంది. ఇక్కడ లెక్క ముందు, సిద్ధాంతం వెనుక. అయితే ఇదే ఛానల్‌లో దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది. 2003 ఫిబ్రవరిలో, ఇరాక్ యుద్ధానికి కొద్ది ముందు, యుద్ధాన్ని ప్రశ్నిస్తున్న ఫిల్ డొనహ్యూ కార్యక్రమాన్ని రద్దు చేశారు. అప్పటికి ఆ ఛానల్‌లో ఎక్కువ మంది చూస్తున్న కార్యక్రమం అదే. రేటింగే సర్వస్వమనే వాదానికి ఈ ఒక్క సంఘటన అడ్డు నిలుస్తుంది.

అరిజోనా రాత్రి

2020 నవంబరు 3 రాత్రి 11:20కి, ఇతర సంస్థలన్నిటికంటే ముందుగా, అరిజోనాలో బైడెన్ గెలిచాడని ఫాక్స్ ప్రకటించింది. ఆ నిర్ణయం ఛానల్‌లోని గణాంక విభాగానిది. దానికి ఆర్నన్ మిష్కిన్ నాయకుడు. అసోసియేటెడ్ ప్రెస్ కొన్ని గంటల తర్వాత అదే మాట చెప్పింది. చివరికి బైడెన్ 10,457 ఓట్ల ఆధిక్యంతో అక్కడ గెలిచాడు. ప్రకటన తొందరపాటా కాదా అన్నది వృత్తిపరమైన చర్చ. ఫలితం విషయంలో మాత్రం అది తప్పు కాలేదు.

ప్రేక్షకులు దానిని ద్రోహంగా తీసుకున్నారు. ఫాక్స్‌ను వదిలి న్యూస్‌మ్యాక్స్ అనే చిన్న ఛానల్‌కు తరలిపోసాగారు. డిసెంబరు 7న సాయంత్రం 7 గంటల వేళ, 25-54 వయోవర్గంలో, న్యూస్‌మ్యాక్స్ తొలిసారి ఫాక్స్‌ను దాటింది. ఒక్క గంట, ఒక్క వయోవర్గం. ఆ సంవత్సరం ఫాక్స్ రాత్రి కార్యక్రమాల సగటు ప్రేక్షకులు సుమారు 36 లక్షలు, అప్పటికి అది కేబుల్ వార్తలలో రికార్డు. అంత పెద్ద ఛానల్ ఆ ఒక్క గంటకు భయపడిందంటే, భయం సంఖ్యను చూసి కాదు, అలవాటు తెగిపోతుందేమోనని.

ఓటింగ్ యంత్రాల సంస్థ డొమినియన్ 2021 మార్చిలో 160 కోట్ల డాలర్ల పరువునష్టం దావా వేసింది. అందులో బయటపడిన సందేశాలు మీడియా చరిత్రకారుడికి దొరికిన అరుదైన ఆధారాలు. ఎన్నికలలో మోసం జరిగిందన్న ఆరోపణలను వ్యాఖ్యాతలు పలువురు తమలో తాము నమ్మలేదు. అటువంటి ఒక ఆరోపణను సరిచూసి సరిదిద్దిన తమ సహోద్యోగిని ఉద్యోగం నుంచి తీసివేయాలని కార్ల్‌సన్ సందేశం పంపాడు. కంపెనీకి నష్టం కలుగుతోందని, షేరు ధర పడిపోయిందని అందులోనే రాశాడు. అరిజోనా ప్రకటనను సమర్థించిన క్రిస్ స్టైర్‌వాల్ట్ 2021 జనవరిలో ఉద్యోగం కోల్పోయాడు. అది పునర్వ్యవస్థీకరణలో భాగమని ఛానల్ చెప్పింది. డొమినియన్ గురించిన ఆ ప్రకటనలు అసత్యాలేనని 2023 మార్చిలో న్యాయమూర్తి తేల్చిన తర్వాత, ఏప్రిల్ 18న ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

ఈ ఘట్టంలో యజమాని ప్రేక్షకుడిని నడిపించలేదు. ప్రేక్షకుడే సంస్థను నడిపించాడు. కొన్ని కార్యక్రమాల వ్యాఖ్యాతలు ఆ అసత్యాలను సమర్థించారని మర్డోక్ తన వాంగ్మూలంలో ఒప్పుకున్నాడు. ఆపగలిగి ఉండీ ఆపలేదు. పాతికేళ్లు పెంచిన అలవాటు తిరిగి వచ్చి యజమానినే బంధించింది. ‘గుణపక్షపాతి’ అంటే మన కావ్యభాషలో ప్రశంస. పక్షపాతానికి మమకారమనే అర్థం కూడా ఉందని దానివల్ల తెలుస్తుంది. ఫాక్స్ ప్రేక్షకుడిది ఆ రెండో అర్థంలోని పక్షపాతం. దానిని లెక్కించి అమ్మడం సంస్థ చేసిన పని.

తీగ ఎవరి చేతిలో ఉంది

అయితే ప్రేక్షకుడి అభిరుచే రేటింగు అనుకుంటే మరొక పొరపాటు. ఫాక్స్ ప్రారంభమైన రోజులలో కేబుల్ కంపెనీల నుంచి రుసుము తీసుకోవడానికి బదులు, ఒక్కో చందాదారుకు ఇంత అని మర్డోకే వాటికి ఎదురు చెల్లించాడు. ముందు తీగలోకి ప్రవేశించాలి, అభిరుచి సంగతి తర్వాత. ప్రవేశానికి ఎంత విలువ ఉందో 2007లో స్టెఫానో డెల్లావిన్యా, ఈథన్ కాప్లన్ లెక్కగట్టారు. 9,256 పట్టణాలను పరిశీలించి, 2000 నాటికి ఫాక్స్ చేరిన చోట్ల రిపబ్లికన్ ఓటు 0.4 నుంచి 0.7 శాతం బిందువుల వరకు పెరిగిందని నిర్ధారించారు. 2017లో గ్రెగరీ మార్టిన్, అలీ యురుకోగ్లు ఛానల్ వరుస సంఖ్యనే ఆధారంగా తీసుకున్నారు. ఫాక్స్ తక్కువ సంఖ్య మీద ఉన్న చోట్ల జనం దానిని కాస్త ఎక్కువసేపు చూశారు, ఓటు మీద దాని ప్రభావమూ కనిపించింది. ఈ ఫలితం చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. కేబుల్ నిర్వాహకుడు ఛానళ్ల వరుస మార్చిన తర్వాత కూడా ఆయన పాత సంఖ్యే నొక్కి, అక్కడ ఏ వార్తలు వస్తే వాటినే చూసేవారు.

మన దేశంలో ఈ పరిశీలనకు ప్రాధాన్యం ఎక్కువ. 2020లో బార్క్ సుమారు 44 వేల ఇళ్లలోని మీటర్లతో దేశమంతటి వీక్షణను అంచనా వేసేది. ఆ ఇళ్లకు డబ్బు ఇచ్చి ఛానళ్లు పెట్టించారన్న ఆరోపణపై అదే అక్టోబరులో ముంబయి పోలీసులు కేసు పెట్టగా, బార్క్ వార్తా ఛానళ్ల వారపు రేటింగులను నిలిపివేసింది. 2022 మార్చిలో నాలుగు వారాల సగటుగా వాటిని తిరిగి ప్రారంభించింది. మీటరును మోసగించడం అందరికీ నేరంగా కనిపిస్తుంది. సెట్‌టాప్ పెట్టె వెలిగించగానే తమ ఛానలే వచ్చేటట్లు నిర్వాహకుడికి చెల్లించే ‘ల్యాండింగ్ పేజీ’ పద్ధతి మాత్రం వ్యాపారంగా చెలామణి అవుతోంది. 2018 డిసెంబరులో ట్రాయ్ దానిని ఆపబోగా, 2019లో టీడీశాట్ ఆ ఆదేశాన్ని కొట్టివేసింది.

తెలుగు రాష్ట్రాలలో సమస్య ఇంకా మొరటు రూపంలో ఉంది. 2014 జూన్‌లో తెలంగాణ కేబుల్ నిర్వాహకులు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను నిలిపివేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లో టీవీ5 ఆగిపోయి, పునరుద్ధరణకు టీడీశాట్ జోక్యం అవసరమైంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ వంటి ఛానళ్లు పలుచోట్ల కనిపించకుండా పోయాయి. మూడు సందర్భాలలోనూ అధికారంలో ఉన్న పార్టీలు వేరు, పద్ధతి మాత్రం ఒక్కటే. తెలుగు ఛానళ్లకు రేటింగు లెక్కలో రెండు రాష్ట్రాలూ ఒకే విపణి. ఒక రాష్ట్రంలో తీగ తెగితే మొత్తం లెక్క పడిపోతుంది. ఆ పతనాన్ని ప్రేక్షకుల తిరస్కారంగా చూపించడం పోటీదారులకు కష్టం కాదు.

అరిజోనా తర్వాత ఫాక్స్‌ను వదిలిన ప్రేక్షకుడు తానుగా మీట నొక్కి వెళ్లాడు. ఇక్కడ మీట నొక్కినా ఛానల్ రాలేదు. మీటరులో రెండూ ఒకే విధంగా నమోదవుతాయి. 2024 జూన్ 25న టీవీ9 ప్రసారాలను పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు 15 కేబుల్ సంస్థలను ఆదేశించింది. ఆ కాలపు రేటింగులను తెలుగు ఛానళ్ల ప్రజాదరణకు ఆధారంగా తీసుకోదలచిన పరిశోధకుడు, ఏ సంస్థ పరిధిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ప్రసారం ఆగిందో ముందుగా కోర్టు రికార్డుల నుంచి, నిర్వాహకుల నుంచి సేకరించుకోవలసి ఉంటుంది.