దొర: ఒక పిలుపు కథ

పొద్దున ఆరింటికి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నిలబడితే వరంగల్ దారంతా చెవిన పడుతుంది. "జనగాం, జనగాం, హన్మకొండ" అని ఒక గొంతు, "యాదగిరిగుట్ట" అని ఇంకో గొంతు. పైన మెట్రో పోతుంటుంది, ముందర నారపల్లి వైపు ఫ్లైఓవర్ స్తంభాలు, కింద సంచులు మోసుకుంటూ జనం. వాళ్లు ఒకరినొకరు పిలుచుకునే తీరు వినడం నాకు సరదా. అన్నా, భయ్యా, కాకా, మామా, సార్, సేఠ్, బాస్. పెద్ద మనిషి ఎదురైతే పటేలా. ఇన్ని పిలుపుల్లో ఒకటి మాత్రం వినపడదు. ఎనభై ఏళ్ల కింద ఈ బస్సులు పోయే ఊళ్లలో పేదవాడి వాక్యం ఆ పిలుపు లేకుండా ముగిసేది కాదు. ఆ పిలుపు ‘దొర’.

ఈ సంగతి నాకు తట్టింది మెట్రోలో. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ పాత ప్రతి ఒకటి సంచిలో వేసుకుని ఉప్పల్ నుంచి సికింద్రాబాదు తూర్పు దాకా రోజూ కొంత చదివాను. అంతకుముందు ఒకసారి చదివిన నవలే. ఈసారి పెన్సిల్ పట్టుకుని ‘దొర’ కనబడిన చోటల్లా గీత పెట్టాలనుకున్నాను. తార్నాక దాటేలోపే ఆ పని మానేశాను. అన్నంలో మెతుకులు లెక్కపెట్టినట్టుంది.

1969లో వచ్చిన ఈ నవలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రంగాచార్య పుట్టింది ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో, 1928లో. ఉద్యోగం సికింద్రాబాదు పురపాలక సంస్థలో. పగలు ఆఫీసు కాగితాల్లో ‘గౌరవనీయులైన’ అని రాసి, రాత్రి ఇంటికొచ్చి ‘దొర’ అని రాసుకున్న మనిషని ఊహించుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం గౌరవమూ కలుగుతుంది. నైజాం కాలపు ఊరు, ఆ ఊళ్లో కోటలాంటి గడి, గడిలో దేశముఖు, పక్కన కరణం. విజయవాడ వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పాటగాడు సారంగపాణి కళ్లతో మనకు ఆ లోకం తెరుచుకుంటుంది. దేశముఖుకు రామారెడ్డి అని పేరుంది. ఆ పేరుతో ఊరికి పనిలేదు. ఊరికి ఆయన దొర.

నవలలో ఆ మాట వాక్యానికి చుక్కలాంటిది. ముందు విన్నపం, చివర దొర. ముందు భయం, చివర దొర. ఇక్కడొక చిన్న వ్యాకరణం ముచ్చట చెప్పాలి. కోస్తాలో కలెక్టరును ‘దొరగారు’ అన్నారు. ‘గారు’ తగిలించారంటే పిలిచేవాడికీ కాసింత మర్యాద మిగిలిందన్నమాట. తెలంగాణ పల్లెలో దొరకు గారు అక్కర్లేదు. ఆ రెండక్షరాల్లోనే దండం ఉంది. అందుకు తోడు కావలసింది ముందు ‘నీ బాంచెను’, వెనక ‘కాల్మొక్త’, అంటే నీ బానిసను, కాళ్లు మొక్కుతాను. నువ్వు అంటూనే ఇంత లొంగుబాటు చూపే వాక్యం మన భాషలో ఇంకెక్కడా లేదనిపిస్తుంది.

పాణి గురించి ఆలోచిస్తే కథ ఇంకోలా కనబడుతుంది. అతను వచ్చింది తెల్లవాళ్లు ఏలే జిల్లాల నుంచి. అక్కడ దొర అంటే మొదట గుర్తొచ్చేది టోపీ పెట్టుకున్న ఇంగ్లీషువాడు. సరిహద్దు దాటి నైజాం రాజ్యంలో అడుగుపెట్టగానే అదే మాట తలపాగా చుట్టుకుని, తెలుగు మాట్లాడుతూ, గడి అరుగు మీద కూర్చుని కనబడింది. ఆ రోజుల్లో ఇటువైపు నిజాం హాలీ సిక్కా, అటువైపు ఇంగ్లీషువాళ్ల కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. సరిహద్దు దగ్గర రూపాయికి ఉన్నట్టే మాటకూ మారకం ఉండేదేమో. పాణి వెంట తెచ్చుకున్న ‘దొర’కూ ఊళ్లో చెలామణి అయ్యే ‘దొర’కూ మధ్య ఉన్న బట్టాలోనే, ఆ మారకపు తేడాలోనే, సగం నవల నడుస్తుందని నా లెక్క.

ఈ మాట అసలు ఎవరిది? అందరిదీ. కన్నడిగులకు రాజు ‘దొరె’. తమిళులకు ‘దురై’. సామాన్యుల్లోంచి లేచి 1967లో మద్రాసు ముఖ్యమంత్రి అయిన అన్నాదురై పేరు చివర ఉన్నది మన దొరే. ఇంకో విచిత్రం. పాత కన్నడంలో ‘దొరె’కు సాటి, సమానం అనే అర్థం కూడా ఉంది. ప్రభువు దొరె, సాటివాడూ దొరె. ఈ రెండూ ఒకే మొలక నుంచి వచ్చాయా అన్న తగువు భాషాశాస్త్రజ్ఞులది. నాకు మాత్రం గడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జీతగాడి నోట్లో, అతనికి తెలియకుండానే, ‘సాటివాడా’ అనే పిలుపు దాగి ఉందనుకోవడం ఇష్టం.

తెలుగులో దొరతనం అంటే ప్రభుత్వం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ‘దొరతనమువారు’ అంటే సర్కారే. ఇంగ్లీషువాళ్లు ఆ పీఠమెక్కగానే మాటా వాళ్లకు అంటుకుంది. అయితే అంటుకున్న తీరు ఒక్కటి కాదు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ ఏడే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. ఆనకట్ట కట్టినవాడు కాటన్ దొర, నిఘంటువు రాసినవాడు బ్రౌన్ దొర. ఇప్పటికీ గోదావరి రైతు ‘కాటన్ దొర’ అన్నప్పుడు ఆ గొంతులో భయం ఉండదు, ఇంటి పెద్దను తలచుకున్నట్టుంటుంది. ఆ జిల్లాల్లోనే పిల్లలకు ముద్దుగా దొరబాబు అని పేరు పెట్టుకుంటారు. జనగామ వైపు ఎవరైనా పిల్లాడికి ఆ పేరు పెట్టగా నేను వినలేదు.

మన్యంలో మరో దొర. అక్కడ అది కొండవాళ్ల సొంత మాట. కొండదొర ఒక తెగ పేరు. 1922లో అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచిన అన్నదమ్ములు గాం గంటందొర, గాం మల్లుదొర. గంటందొర 1924లో తూటాలకు బలయ్యాడు. మల్లుదొర అండమాన్ జైలు చూసి, బతికి బయటపడి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గడి దొర అంటే వేల ఎకరాలు. కొండ మీద దొరకు పోడు చెక్క. పట్నం ఫుట్‌పాత్‌ల మీద వేళ్లూ మూలికలూ పరిచి కూర్చునే మనిషిని ‘కోయదొర’ అంటాం. అతనికి కూర్చున్న గోనెపట్టా కూడా సొంతం కాకపోవచ్చు.

మరి తెలంగాణ దొర ఇంత బరువెక్కడం ఎలా జరిగింది? 1860లలో నిజాం దివాను సాలార్‌జంగ్ పన్నుల పద్ధతి మార్చాడు. అంతకుముందు సర్కారు తరఫున శిస్తు వసూలు చేసి పెట్టిన దేశముఖులకు ఆ పని పోయింది, బదులుగా ఏటా రుసుం ముట్టింది. లెక్కలు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. భూముల కొలతలు వచ్చినప్పుడు మంచి భూములు వాళ్ల పేరెక్కాయి. విసునూరు దేశముఖు కింద 40,000 ఎకరాలున్నాయని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ భూమి దున్నడానికి వెట్టి. గడిలో పనికి ఆడబాపలు, అంటే దొరసాని కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్న దాసీ పిల్లలు. నవలలో వనజ అలాంటి ఆడబాప. ‘దొరసాని’లో ఉన్న ‘సాని’ పాత శాసనాల్లో గొప్పింటి స్త్రీకి గౌరవపదం. తర్వాత కాలంలో ఆ మాట విడిగా ఎంత దిగజారిందో తెలిసిందే. దొర వెనకాల నిలబడ్డందుకే ఈ ఒక్కచోట దాని పరువు దక్కింది.

రంగాచార్య కంటే ముందే, 1955లో, వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో దొరను నవలకెక్కించారు. అక్కడి దొర రామభూపతిరావు. ఆళ్వారుస్వామిది నినాదానికి దగ్గరైన కోపం. రంగాచార్య నవల పేరులోనే చెణుకు విసిరారు. దేవుళ్లే గానీ చిల్లర దేవుళ్లు. ఊళ్లో దొర అనిపించుకునే మనిషి తాలూకా నుంచి పోలీసు అమీను వస్తే తనే ‘హుజూర్’ అనాలి. రూపాయి ముందు చిల్లర అది. ఆ ‘చిల్లర’ అన్న ఒక్క మాట లేకపోతే ఈ నవల ఇంత కాలం నిలిచేది కాదని నా నమ్మకం.

ఉప్పల్‌ది ఈ కథలో వేరే పాత్ర. ఇక్కడి పేర్లు చూడండి. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్. కలాన్ అంటే పెద్ద. ఖాల్సా అంటే మధ్యలో జాగీర్దారు లేకుండా శిస్తు నేరుగా సర్కారుకు పోయే భూమి. భగాయత్ అంటే తోటల నేల, మూసీ ఒడ్డున కూరగాయలు పండిన నేల. ఈ మాటల అర్థం ఇవాళ ప్లాటు కొనేవాడికీ అమ్మేవాడికీ పట్టదు. గజం ఎంత అనేదే పడుతుంది. కానీ దుకాణాల బోర్డుల మీద, రిజిస్ట్రేషన్ కాగితాల మీద నైజాం రెవెన్యూ భాష ఇంకా చెక్కుచెదరలేదు. దొర కింద ఉన్నామని చెప్పుకునే ఊరి పేరు ఎక్కడా ఉండదు. ఖాల్సా అని చెప్పుకునే ఊరుంది.

ఈ రోడ్డునే పట్టుకుని పోతే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ. దొరల మీద జనం తిరగబడింది ఈ వైపే. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికొచ్చింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను గడికి పోనివ్వలేదు. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది, మరుసటి ఏడు జాగీర్లు రద్దయ్యాయి. తర్వాత ఆ ఊళ్ల నుంచి పట్నం బాట పట్టిన వాళ్లకు ఉప్పల్ తొలి మజిలీ. నాచారం పారిశ్రామికవాడలో షెడ్లు లేచాక చాలామందికి అక్కడే పని దొరికింది. షిఫ్టు సైరను, హాజరు కార్డు, ఒళ్లు బాగా లేకపోతే ఈఎస్ఐ ఆసుపత్రి. యజమాని సేఠ్ అయ్యాడు, సూపర్‌వైజర్ సార్ అయ్యాడు. జీతం తక్కువే, పని గట్టిదే. అయినా ఆ వాక్యం చివర దొర లేదు. ఒక పిలుపు చావడానికి ఫ్యాక్టరీ గేటు సరిపోతుందా అని అడిగితే, పూర్తిగా కాదుగానీ చాలావరకు అంటాను.

నాచారానికి ఇంకో సంబంధమూ ఉంది. ఎన్టీ రామారావు రామకృష్ణా హార్టికల్చరల్ సినీ స్టూడియో కట్టింది ఇక్కడే. తెర మీద ఎన్ని కిరీటాలు పెట్టుకున్నాడో లెక్కలేని ఆ మనిషి, ముఖ్యమంత్రి అయ్యాక 1984లో ఒక్క కలం పోటుతో ఊళ్లో పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులను రద్దు చేశాడు. ‘చిల్లర దేవుళ్ళు’ వచ్చిన 15 ఏళ్లకు ఆ చిల్లర దేవుళ్లలో కరణం కొలువు అలా పోయింది. పటేల్ పదవి పోయినా పిలుపు నిలిచింది. పైగా మర్యాదగా నిలిచింది. ఇప్పుడు రింగురోడ్డులో వినపడే పటేలా అదే.

మాటలకు కాలం చేసే వింతలు ఇంకా ఉన్నాయి. ‘దొరలిచ్చిన పాలకన్నా ధరణి ఇచ్చిన పాలు మేలు’ అని పాత సామెత. ఇక్కడ పాలంటే తాగేవి కావు, వాటా. దొర దయతలచి ఇచ్చేదానికంటే నేల పండించి ఇచ్చేదే నమ్మకం అని. 2020 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం భూముల రికార్డులకు పోర్టల్ పెట్టి దానికి ‘ధరణి’ అని పేరు పెట్టింది. పాసుపుస్తకంలో ఎకరం తప్పిపోయి తాసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన రైతుకు ఆ సామెత ఎవరైనా వినిపించారో లేదో. అదే కాలంలో రాజకీయ సభల్లో ‘దొరల పాలన’, ‘గడీల పాలన’ తిట్లయ్యాయి. చేతులు కట్టుకుని అన్న మాటను ఇప్పుడు మైకు పట్టుకుని విసురుతున్నారు. మాట అదే, చేతులు మారాయి.

ఇక తిట్టూ కాని, దండమూ కాని చివరి రకం ఒకటుంది. ఈ వ్యాసం కోసం నవలలో మళ్లీ పేజీలు తిరగేస్తూ మొన్న ఆదివారం హాల్లో కుర్చీ కదలకుండా కూర్చున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వచ్చింది. "దొర లెక్క కూసునుడేనా? కిందికి పోయి పాల ప్యాకెట్ పట్టుకరాపో."

పుస్తకం బోర్లా పెట్టి చెప్పులేసుకున్నాను.