కత్తి కింద పాట

1935 ఆగస్టు. షికాగోలో ఒక ఆపరేషన్ గది. బల్ల మీద పడుకున్నావిడకు 52 ఏళ్లు. ఆమెకు పూర్తి మత్తు ఇవ్వలేదు, మెడకు మాత్రం తిమ్మిరెక్కే మందు ఎక్కించారు. డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ థైరాయిడ్ గడ్డను కోస్తుంటే మధ్యమధ్య ఆమె గొంతెత్తాలి. స్వరం చెదిరిందా, కత్తి ఆగాలి. మెడ తెరిచి ఉండగా పాడటం! ఊహించుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఆమె పేరు అమెలీటా గల్లి-కూర్చి. పుట్టింది మిలాన్‌లో. చదువుకున్నది పియానో. పాట మాత్రం చాలావరకు సొంత సాధనే. 1916 నవంబరు 18న, సరిగ్గా తన 34వ పుట్టినరోజున, షికాగోలో ‘రిగొలెట్టో’ ఒపెరాలో జిల్డాగా పాడి ఒక్క రాత్రిలో పేరు తెచ్చుకుంది. ఆమె పాటల రికార్డుల కోసం జనం ఎగబడ్డారు.

అంతటి గొంతూ 1920ల్లోనే జారడం మొదలుపెట్టింది. శ్రుతి నిలవడం లేదని విమర్శకులు రాశారు. మెడలో గడ్డ పెరుగుతూ వచ్చింది. 1930లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాకు సెలవు చెప్పేసింది.

గడ్డ తీశాక ఆశ మళ్లీ చిగురించింది. 1936 నవంబరు 24న షికాగోలోనే ‘లా బొహెమ్’లో మిమి పాత్ర వేసింది. జనం ఎదురుచూసిన గొంతు ఆ రాత్రి రాలేదు. ఆ తర్వాత ఆమె ఒపెరా వేదిక ఎక్కలేదు.

ఇంకేం, నింద ఆపరేషన్ మీద పడింది. కత్తి ఒక సన్నని నరాన్ని తెంపేసిందన్నారు. స్వరతంత్రులను బిగించి పైస్థాయి పలికించేది ఆ నరమే. వైద్యులు దానికి ‘గల్లి-కూర్చి నరం’ అని పేరు కూడా తగిలించేశారు.

2001లో క్రూక్స్, రెకబారెన్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు ఆనాటి పత్రికా సమీక్షలు తిరగేశారు, ఆపరేషన్ చేసిన డాక్టర్ సహోద్యోగులను, బంధువులను అడిగారు. ఆమె గొంతు క్షీణత ఆపరేషన్‌కు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని కచేరీలు బాగానే పాడింది. మాట్లాడే గొంతు మృదువుగానే ఉంది. డాక్టర్‌తో స్నేహమూ చెడలేదు. నరం తెగిందనడానికి ఆధారం చాలదని వాళ్లు తేల్చారు. నా తీర్పూ అదే: అరవై ఏళ్లకు పైగా ఒక డాక్టర్ నెత్తిన నింద మోపింది రుజువు కాదు, వదంతి.

అలాగని నరాలకు ముప్పే లేదని కాదు. థైరాయిడ్ వెనకగా పోయే మరో నరం స్వరతంత్రులను కదిలిస్తుంది. అది నలిగితే గొంతు బొంగురుపోతుంది, మాటలో గాలి ఎక్కువైపోతుంది, మంచినీళ్లు తాగినా పొలమారుతుంది. గల్లి-కూర్చి నరం నలిగితే మామూలు మాట బాగానే ఉంటుంది గానీ మేడ మీది పిల్లాణ్ని కేకేయలేరు, సాయంత్రానికి గొంతు అలిసిపోతుంది. ఆడవాళ్లకు మరో అవమానం: ఫోనెత్తితే అవతలివాళ్లు ‘సార్’ అంటారు. బడిపంతులమ్మకూ కూరగాయల బండి నడిపే ఆవిడకూ ఇది చిన్న బాధ కాదు, తిండి పెట్టే గొంతు కదా!

మత్తు కోసం వేసిన గొట్టం వల్ల కూడా కొన్నాళ్లు గొంతు గరగరలాడుతుంది, అది తగ్గిపోతుంది. తెగకుండా సాగినా నలిగినా నరం కోలుకోవడానికి వారాలు, నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది. ఈలోగా స్వర చికిత్స నిపుణులు ఊపిరికి తగ్గట్టు మాట్లాడటం, పొలమారకుండా మింగడం నేర్పుతారు. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం, అదీ శ్రమే. అప్పటికీ తంత్రి కదలకపోతే దాన్ని మధ్యకు జరిపే ఇంజెక్షన్, చిన్న ఆపరేషన్ ఉన్నాయి. ఊపిరి ఆడటం కష్టమైతే మాత్రం క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

గల్లి-కూర్చి ఒపెరా వదిలాక కాలిఫోర్నియాలో స్థిరపడి, 1963లో కన్నుమూయడానికి కొద్దికాలం ముందు వరకూ సంగీతపాఠాలు చెప్పింది.

థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకోబోయేవారికి ఒక్క మాట. ముందే ఇ.ఎన్.టి. డాక్టర్‌తో స్వరతంత్రులు చూపించుకోండి. తర్వాత రెండు మూడు వారాలు దాటినా గొంతు బాగుపడకపోతే ‘అదే తగ్గుతుందిలే’ అని ఊరుకోకుండా మళ్లీ చూపించుకోండి.